గోడ కాగితాల కోసం ఇబ్రహీంపట్నం దాకా

బెజవాడలో ఒక లితో ప్రెస్సులో నేను అక్షరాలు రాసే పని చేస్తాను. అచ్చు అక్షరాలు చాలని పెద్ద పోస్టర్లకూ, తొందరగా కావలసిన నోటీసులకూ చేత్తో రాసి రాతికి దింపుతాం. జర్మనీ యుద్ధం నడిచినన్నాళ్లూ నాకు చేతినిండా పని. సైన్యంలో చేరండి, యుద్ధ నిధికి విరాళమివ్వండి, పుకార్లు నమ్మకండి, తిండిగింజలు ఎక్కువ పండించండి... ఎవరో పంపిన మాటలు, ఎవరో గీసిన బొమ్మలు, కింద నా అక్షరాలు. వేసినవాటిలో ఒక్కొక్కటి ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. యుద్ధం ముగిసేసరికి ట్రంకుపెట్టె నిండింది. ఆ తర్వాత నేను రాయనివి కూడా ఏరడం మొదలుపెట్టాను. ఎవరింట్లో పాత యుద్ధపు పోస్టరు ఉందని విన్నా వెళ్లి అడిగేవాణ్ణి. మా ఆవిడ వాటిని "చెదల మేత" అంటుంది.

నైజాం ఇలాకాలో అంటించినవి మాత్రం నా దగ్గర ఒక్కటీ లేవు. అక్కడ ఒకే కాగితం మీద ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం నాలుగు భాషలుంటాయని చెప్పుకునేవారు. పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవిలో, దారులు కాస్త నెమ్మదించాయని విని సెలవు పెట్టి బయలుదేరాను. తిరిగి వచ్చి మూడు నెలలైంది. అటు వెళ్లనివాళ్ల కోసం చూసింది చూసినట్టు రాస్తున్నాను. నాకు సిగ్గు కలిగించే సంగతి కూడా ఇందులో ఉంది. దాన్ని దాచలేదు.

హైదరాబాదు

ఊళ్లో ముందు నన్ను తికమక పెట్టింది డబ్బు. నా జేబులోవి మా వైపు చెల్లే కల్దారు రూపాయలు, ఊళ్లో చెల్లేవి నైజాం అచ్చువేసిన హాలీ రూపాయలు. చాయ్ తాగి అర్ధణా ఇస్తే హోటలువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిగిలిన చిల్లర ఏ లెక్కన ఇవ్వాలో తెలియక ఒక ఉస్మానియా బిస్కెట్టు చేతిలో పెట్టాడు. మా వైపు కాఫీ తాగి లేచిపోతాం. అక్కడ చాయ్ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుంటారు. ఆ రోజుల్లో మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

చార్మినార్ వెనక సందులో పాత కాగితాల దుకాణం నడిపే ఖాదర్ సాబ్ దగ్గరికి ఎవరో పంపారు. తెల్లగడ్డం, చెవులకు దారంతో కట్టుకున్న కళ్లద్దాలు.

"జంగ్ కాయిదాలు కావాల్నా? ఏ జంగ్‌వి? జర్మన్‌వా, మనవా?" అని అడిగాడు.

జర్మన్‌వే అన్నాను. కట్టల కింద నుంచి రెండు తీశాడు. ఒకదాంట్లో నైజాం సిపాయి ఎడారిలో తుపాకి పట్టుకుని నిలబడ్డాడు. కింద నాలుగు భాషల్లోనూ పిలుపు. తెలుగు వరుస ఎవరు రాశారో గాని ఒత్తులన్నీ చక్కగా కూర్చున్నాయి. ధర గురించి ఆయన పెద్దగా మాట్లాడలేదు. రజాకార్ల కాలంనాటివి ఏమైనా ఉన్నాయా అని అడిగితే కళ్లద్దాలు సరిచేసుకుని వీధివైపు ఒకసారి చూశాడు.

"ఉండె. మా ఇంటామె పొయ్యిల పెట్టింది. ఉర్దూల ఉన్న కాయిదమంటేనే భయపడ్డం ఆ దినాలల్ల. ఆఖరికి మా నాయిన రాసిన ఉత్తరాలు గూడ కాలవెట్టింది."

ఆయన పోస్టర్లను పాత గుడ్డలో చుట్టి ఇస్తూ, ఊళ్లలో ఎవరూ పాతవి పీకరనీ, ఒకదాని మీద ఒకటి అంటిస్తారనీ, హైదరాబాదుకు దగ్గర్లోని ఇబ్రహీంపట్నం దారిలో వెతకమనీ చెప్పాడు. "జర పైలం. నీ తాన కాయిదం దొరికిందా లేదా, గదే చూస్తరు. ఎందుకున్నదని అడగరు."

తుర్కయాంజాల్

బస్సు తుర్కయాంజాల్ దాకా వచ్చి ఆగిపోయింది. ఇంజను నుంచి ఆవిరి ఎగజిమ్మింది. డ్రైవరు దిగి, చెట్టు నీడన తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. దాన్నిబట్టి ఎంతసేపు పడుతుందో అందరికీ అర్థమైంది.

నాకది మేలే అయింది. దారి పక్కనే ఒక మట్టి ఇంటి గోడకు కాగితాలు పొరలుపొరలుగా దళసరి అట్టలా పేరుకుని ఉన్నాయి. ఆ ఇంటామె సత్తెమ్మ. యాభై ఏళ్లుంటాయి. తడిగుడ్డ పెట్టి నానబెట్టి తీసుకుంటానని అడిగితే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఒక్కొక్కలొచ్చిండ్రు, ఒక్కొక్కటి అంటిచ్చిండ్రు. ఎవ్వలూ నన్ను అడగలె. నువ్వే అడిగినవ్. తీస్కపో. తీసినంక గోడకు ఎర్రమట్టి పూసిపోవాలె, గంతే."

అన్నిటికన్నా పైన కొత్త ప్రభుత్వపు నోటీసు. దాని కింద నెలవంకతో రజాకార్ల ఆకుపచ్చ కాగితం. దాని కింద వార్తాపత్రిక మీద ఎర్ర రంగుతో కమ్యూనిస్టు సంఘంవాళ్లు చేత్తో రాసిన పిలుపు. అడుగున, గోడకు అతుక్కుపోయి, నేను వెతుకుతున్న యుద్ధపు పోస్టరు: నాగలి పట్టిన రైతు, వెనక విమానాలు. ఒక్కో పొర ఊడివస్తుంటే సత్తెమ్మ పక్కన కూర్చుని చెప్పుకుపోయింది.

"గిది అంటిచ్చిన్నాడే మా చిన్నదాని పెండ్లి. గీ పచ్చది అంటిచ్చిన దినాలల్ల ఇండ్లు ఇడిసిపెట్టి గుట్టలకు పోయి పండుకున్నం. వచ్చేటాళ్లకు బర్రె లేదు, గుమ్ములల్ల వడ్లు లేవు. గీ ఎర్రది అంటిచ్చినోడు మా మర్దే. ఇప్పుడు లేడు."

లేడంటే ఊళ్లో లేడనా, అసలే లేడనా? అడగలేకపోయాను.

ఎర్రమట్టి నేను పూసిన తీరుకు ఆమె నవ్వు ఆపుకోలేక, చేతిలో గుడ్డ లాక్కుని తనే పూసింది. ఈలోపు ఎండకు ఆరబెట్టిన రైతు బొమ్మను మేక ఒకటి మోకాళ్ల దాకా నమిలేసింది. దండుగైపోయిందని నేను తల పట్టుకుంటే, చల్లటి అంబలి గిన్నె తెచ్చిచ్చి, "తలకాయ, పెయ్యి ఉన్నయి గద, కాళ్లు పోతే పోయినయ్," అంది. అంబలిలో ఉల్లిగడ్డ కొరుక్కుని తాగడం నాకు కొత్త. కడుపు చల్లబడింది.

ఇబ్రహీంపట్నం

ఊరి మొదట్లోనే తనిఖీ. పోలీసు జమేదారు నా కాగితాల చుట్ట విప్పించి ఒక్కో కాగితం చూశాడు. సిపాయి బొమ్మకు ఏమీ అనలేదు. ఎర్ర అక్షరాల కాగితం దగ్గర మాత్రం ఆగిపోయాడు. గోడ మీద నుంచి తీశానని, ఇవి పోగుచేయడం నా సరదా అని చెప్పాను.

"సరదా?" అన్నాడు. అగ్గిపుల్ల గీసి దాన్ని నా ముందే కాల్చాడు. నెలవంక కాగితాన్ని కూడా అదే మంటలో పడేశాడు. పేరు, ఊరు రాసుకుని, వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లమన్నాడు. మిగిలినవాటిని మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాను.

రోడ్డు పక్క హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. మా వైపు రొట్టె జ్వరమొచ్చినవాడికి పెట్టేది. అక్కడ అదే అన్నం. సగం తిన్నానో లేదో, భుజాన వల వేసుకున్న ఒక ముసలాయన వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. పెద్ద చెరువులో చేపలు పట్టే ఎల్లయ్యనని చెప్పాడు. జమేదారు నా కాగితాలు కాల్చడం దూరం నుంచి చూశాడట.

"కాయిదాలు ఏరేది నువ్వేనా?"

"అవునండి. కూర్చోండి ఎల్లయ్య గారూ," అన్నాను.

"గారు అంటవేంది? నన్నెవ్వలూ గట్లనరు. నీకు సదువొచ్చు గద. మా ఇంట్ల ఒక కాయిదమున్నది. జర సదివిపెట్టు."

నాకు పట్టరాని సంతోషం. అంత మారుమూల ఊళ్లో ఇంట్లో దాచిన కాగితమంటే అరుదైనదే అయివుంటుందనుకున్నాను. చెయ్యి కడుక్కుని వెంట నడిచాను.

ఎల్లయ్య ఇల్లు

వేసవికి చెరువు నీళ్లు బాగా వెనక్కి పోయి, ఒండ్రు పగుళ్లు దేరి ఉంది. కట్ట దిగువన చేపలు పట్టేవాళ్ల ఇళ్లు. ఎల్లయ్య ఇంట్లో ఉండేది ఇద్దరే: ఆయనా, కోడలు బాలమ్మా. కొడుకు నర్సింహ సంఘంలో తిరిగినవాడు. రాచకొండ గుట్టల్లో ఉన్నవాళ్లకు రొట్టెలు, కబుర్లు మోసేవాడు. ఒక నాటు తుపాకి కూడా ఉండేది.

బాలమ్మ దూలం సందులోంచి రేకుడబ్బా దించింది. అందులో నాలుగు మడతల కాగితం. ఎల్లయ్య దాన్ని నా చేతికిచ్చాడు.

"నీకన్న ముందుగాల నలుగురు సదివిండ్రు. నలుగురూ ఒక్క తీరే చెప్పిండ్రు. నువ్వు గూడ సదువు. వాళ్లు ఏమన్న మాట ఇడిసిపెట్టిండ్రేమో."

మడత విప్పాను. ఆయుధాలు అప్పగించి, ఈ కాగితం చేతబట్టుకుని దగ్గరి మిలిటరీ క్యాంపుకు వచ్చినవారికి ఏ హానీ జరగదు, వారిని ఇళ్లకు పంపిస్తాం, ఇది హామీ. అంతే ఉంది. పైకి చదివాను. చివరి మాట దగ్గర ఆగి, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాను.

ఆ రాత నాదే. 'మీ' అక్షరం తోకను కిందికి లాగి వంచడం నాకున్న పాత అలవాటు. పని నేర్పిన గురువు ఎన్నిసార్లు తిట్టినా పోలేదు. ఆ కాగితం రాసిన మధ్యాహ్నం కూడా గుర్తొచ్చింది. అర్జంటు పని, మేనేజరు పక్కనే నిలబడ్డాడు. కింది వరుసలో చోటు మిగిలింది. ఖాళీ ఉంటే బాగుండదని 'హామీ' అన్న మాటను తక్కినవాటికి రెండింతలు చేసి రాశాను. చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లాను. దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

బాలమ్మ అందుకుంది.

"రెండు దొరికినయన్నా. ఒకటి పట్టుకపోయిండు. పోవద్దని నేను కొట్లాడిన. గీ పెద్ద అక్షరాలు లేవూ, గివే సూపిచ్చిండు. 'గింత పెద్దగ రాసినంక అబద్ధమెట్లయితదే' అన్నడు. తుపాకి అప్పజెప్పి పోయిండు. నాలుగు నెలలాయె. లోపటికి పోయింది సూసినోళ్లున్నరు. బయటికొచ్చింది సూసినోళ్లు లేరు."

చదివి పెట్టి లేచి వెళ్లిపోవచ్చు. నన్నెవరూ పట్టుకోలేరు. అది నా మనసులోకి రాలేదంటే అబద్ధం. కానీ ఆ ముసలాయన నా పెదాల వంకే చూస్తున్నాడు, ఐదోవాడైనా కొత్త మాట చెబుతాడేమోనని.

"ఇది రాసింది నేనే," అన్నాను.

వాళ్లకు వెంటనే అర్థం కాలేదు. నా పని గురించి, ప్రెస్సు గురించి చెప్పాను. జేబులో పెన్సిలు తీసి, రేకుడబ్బా మూత మీద ఆ మాటే మళ్లీ రాసి చూపించాను. బాలమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత లేచి బయటికి వెళ్లిపోయింది.

"నీ అంతట నువ్వే రాసినవా?" అన్నాడు ఎల్లయ్య.

"కాదు. రాయమని కాగితం మీద ఇచ్చారు."

"ఇచ్చినోని పేరేంది?"

"తెలియదు."

ఎల్లయ్య తల ఊపాడు. "గట్లయితే నాకు దొరికింది నువ్వొక్కనివే. రేపు నా ఎంబడి క్యాంపుకు రా. గీ మాట నేను రాసిన అని వాళ్లకు చెప్పు."

ఆయన కోపంగా అనలేదు. అదే నాకు కష్టమైంది. తెల్లవారితే బస్సు ఉంది. జమేదారు దగ్గర నా పేరుంది. భార్యాపిల్లలు బెజవాడలో ఉన్నారు. ఇవన్నీ లెక్కపెట్టుకుంటూ నేను కూర్చునే ఉన్నాను. బాలమ్మ లోపలికి వచ్చి పొయ్యి రాజేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాసేపటికి నా ముందు ఆకు వేసి, రొట్టె, ఎండుచేపల పులుసు పెట్టింది.

"తిను అన్నా. పొద్దుగాల పోవాలె గద," అంది.

నేను వస్తానని అప్పటికింకా చెప్పలేదు. తిన్నాను. ఆ తర్వాత వెళ్లిపోవడం నా వల్ల కాలేదు.

క్యాంపు

సంఘంవాళ్ల ఇళ్లలో మగవాళ్లు రోజూ క్యాంపుకు వచ్చి వేలిముద్ర వేసిపోవాలి. ఎల్లయ్య వరుసలో నిలబడ్డాడు, నేను ఆయన వెనక. మా వంతు వచ్చాక బల్ల దగ్గరి గుమాస్తా ముందు కాగితం పెట్టి, నేనెవరో, దాన్ని ఎప్పుడు రాశానో చెప్పాను. గుమాస్తా మద్రాసు వైపు తెలుగువాడు. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"అక్షరాలు మీవి. మాట మీది కాదు కదండీ. మీకెందుకు ఈ గొడవ?"

"ఆ అక్షరాలు చూసే వచ్చాడు. ఏమయ్యాడో తెలిస్తే చాలు."

లోపలి నుంచి అధికారి వచ్చాడు. ఉత్తరాదివాడు. గుమాస్తా హిందీలో చెప్పాడు. అధికారి కాగితాన్ని తిరగేసి చూసి, ఆ నోటీసు తను రాకముందుదనీ, అప్పటి అధికారి బదిలీ అయ్యాడనీ అన్నాడు. నేను ఏ పార్టీవాణ్ణో అడిగాడు. ఏ పార్టీ కాదన్నాను. నా చేతులు చూపించమన్నాడు. గోళ్ల సందుల్లో ఎప్పటికీ పోని సిరా మరకలున్నాయి. వాటిని చూశాక కొంత నమ్మినట్టున్నాడు. కాగితం ఫైలులో పెట్టమన్నాడు.

ఎల్లయ్య చెయ్యి దాని మీద పడింది. "గిది ఇయ్య. గిదొక్కటే నా తాన ఉన్నది."

గుమాస్తా గట్టిగా లాగాడు. ముసలాయన వదల్లేదు. వరుసలో నిలబడ్డవాళ్లంతా చూస్తున్నారు. అధికారి విసుగ్గా చెయ్యి ఊపి, ఉంచుకోనిమ్మన్నాడు. వెళుతూ గుమాస్తాతో ఏదో అన్నాడు. గుమాస్తా ఒక లావుపాటి పుస్తకం తీసి, వేలు ఆనించుకుంటూ చాలా పేజీలు వెతికాడు.

"నర్సింహ, తండ్రి ఎల్లయ్య. లారీలో పంపించేశారు. జాల్నా జైలు."

"బతికున్నడా?"

"చనిపోయినట్టు రాసి లేదు."

ఎల్లయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నాలుగు నెలలుగా ఆయనకు దొరికిన మొదటి మాట అది. కొడుకును చూసి రావడానికి సెలవిమ్మని అడిగితే గుమాస్తా కుదరదన్నాడు. రోజూ వేలిముద్ర తప్పకూడదు.

నల్లజీడి

ఇంటికి వచ్చి చెప్పగానే బాలమ్మ అంది, "మామను పోనియ్యరు. నా పేరు వాళ్ల బుక్కుల లేదు గద. నేను పోత."

హైదరాబాదు కూడా చూడని మనిషి. చదువు లేదు. మరాఠీ మాట్లాడే చోట దిగి ఎవర్ని ఏమని అడుగుతుంది? కాగితం మీద రాసిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"కాయిదం చిరుగుతది, తడుస్తది, ఎవలన్న గుంజుకుంటరు. బట్ట మీద రాయి. జీడితోని రాస్తే ఉతికినా పోదు."

బట్టలు ఉతికేవాళ్లు గుర్తులు పెట్టే నల్లజీడి పక్కింట్లో దొరికింది. తెల్లటి గుడ్డసంచి ఒకటి తెచ్చి నా ముందు పరిచింది. "రెండు దిక్కులా రాయన్నా. ఒక దిక్కు పొయ్యేది, ఒక దిక్కు వచ్చేది."

గింజకు సూది గుచ్చి, ఆ రసంలో పుల్ల ముంచి రాశాను. ఒకవైపు నర్సింహ పేరు, జాల్నా జైలు. రెండోవైపు బాలమ్మ పేరు, ఇబ్రహీంపట్నం, ఎల్లయ్య ఇల్లు. తెలుగులో ఒకసారి, మరాఠీవాళ్లూ చదవగలిగే నాగరి లిపిలో ఒకసారి. ఏ మాటనూ రెండోదానికన్నా పెద్దది చేయలేదు. జీడిరసం తగిలి నా వేళ్లు రెండు పొక్కిపోయాయి. మచ్చ ఇంకా ఉంది.

జమేదారుకు చెప్పి మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. కాచిగూడ స్టేషన్లో టిక్కెట్టు తీసి, ఆడవాళ్ల పెట్టెలో ఒక ముసలావిడ పక్కన కూర్చోబెట్టాను. సంచి మీద అక్షరాలు బయటికి కనపడేలా ఒళ్లో పెట్టుకుంది. ఏదో ఒకటి అనాలని కిటికీ దగ్గరే నిలబడ్డాను. క్షమించమనడానికి నోరు రాలేదు.

"నువ్వు రాకపోతే ఇయ్యాల గూడ ఇంట్ల ఏడ్చుకుంట కూసునేటోళ్లం," అంది బాలమ్మ. "పో అన్నా, నీ బండి టైమైతది."

బెజవాడ

వచ్చిన నెలకు మేనేజరు మళ్లీ ఒక నోటీసు తెచ్చాడు. ఏ ప్రభుత్వానిది, దేని గురించి అన్నది ఇక్కడ అనవసరం. అందులోనూ ఒక మాట ఇచ్చారు. ఈ మాట నిలబెట్టేది ఎవరని అడిగాను. ఆయన నవ్వి, నీకు జీతమిచ్చేది చదవడానికి కాదన్నాడు. అది నేను రాయలేదు. ఇంకొకరు రాశారు. సినిమా పోస్టర్లు, పంచాంగాలు, కిరాణా కొట్ల బోర్డులు రాస్తున్నాను.

మొన్న ఎల్లయ్య దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఎవరి చేతనో రాయించాడు. బాలమ్మ వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చిందట. రెండు రోజులు జైలు గేటు ముందు కూర్చుంటే మూడోరోజు చూడనిచ్చారు. నర్సింహ బతికే ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఎప్పుడు వదులుతారో ఎవరూ చెప్పలేదు. వానలు తగ్గాక మళ్లీ వెళుతుందట.

జవాను కటకటాల దగ్గర నిలబడి నర్సింహ అని రెండుసార్లు పిలిచినా లోపల ఎవరూ పలకలేదట. అక్కడ అందరినీ నంబర్లతోనే పిలుస్తారు. అలాంటివాడు లేడంటూ జవాను గేటు వేయబోయాడు. అప్పుడు బాలమ్మ కటకటాలు పట్టుకుని తనే పేరు పెట్టి పిలిచింది. మూల నుంచి ఒక మనిషి లేచాడు.